హైస్కూల్ విద్యార్థులకు పిల్లల పెంపకం పాఠం: బొమ్మ కంటే ముందు గమనించడం నేర్పండి

మీరు అడిగింది: హైస్కూల్లో వారానికో పీరియడ్ చొప్పున పిల్లల పెంపకం, తొలి ఏళ్ల ఎదుగుదల చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏడ్చే బొమ్మలు కొంటే సరిపోతుందా అని.

బొమ్మల సంగతి ముందు తేల్చేద్దాం. ఎలక్ట్రానిక్ బొమ్మను వారాంతంలో ఇంటికి పంపి, "చూశారా, ఎంత కష్టమో" అని భయపెట్టి, చిన్న వయసులోనే బిడ్డను కనకుండా చూసే పద్ధతి ఒకటుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 57 స్కూళ్లలో అమ్మాయిలతో దీన్ని పరీక్షించి, వాళ్లను 20 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. ఫలితాలు 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. బొమ్మను చూసుకున్నవాళ్లలో 8 శాతం మంది అప్పటికే బిడ్డను కన్నారు. మిగతావాళ్లలో 4 శాతమే. అంటే భయం పెట్టడానికని పెట్టిన పాఠం ఆ పని చేయలేదు. ఉన్న డబ్బంతా వాటి మీద పెట్టకండి.

ఈ సబ్జెక్టుకు పునాది గమనించడం. మొదటి మూడు వారాలూ దానికే ఇవ్వండి. పసిపిల్లల వీడియో ఒకటి, రెండు నిమిషాలది, మొదటిసారి సౌండ్ లేకుండా వేయండి. కాగితం మీద మూడు గడులు: ఎప్పుడు, బిడ్డ ఏం చేసింది, పెద్దవాళ్లు ఏం చేశారు. "అల్లరి", "మొండి", "కావాలని" అనే మాటలు రాయకూడదన్నది ఒక్కటే నియమం. తొమ్మిది నెలల పాప చెంచా కింద పడేసిందనుకోండి. సగం మంది "కావాలని విసిరింది" అనే రాస్తారు. మళ్లీ వేసి చూపించండి. వేళ్లు విప్పింది, చెంచా పడ్డ చోటికి వంగి చూసింది, ఆ తర్వాత అమ్మ ముఖంలోకి చూసింది. కంటికి కనపడకపోయినా వస్తువు ఎక్కడో ఉంటుందని ఆ వయసులోనే తెలుస్తూ ఉంటుంది. పాప చేస్తున్నది ఆ పరిశీలనే. ఈ తేడా పట్టుబడ్డాక మిగతా పాఠాలు చాలా తేలికవుతాయి.

ఆ వెంటనే బిడ్డకూ పెద్దవాళ్లకూ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడం చెప్పండి. బిడ్డ ఉంగా కొడితే మనం పలకడం, వేలు చూపిస్తే అటు చూసి పేరు చెప్పడం, ఇంతే. 1970లలో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగం ఇక్కడ బాగా పనిచేస్తుంది. తల్లి ఆడిస్తూ ఆడిస్తూ ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది, బిడ్డ నవ్వి, చేతులు చాచి, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. ఆ ప్రయోగం వీడియోను మధ్యలో ఆపకండి. తల్లి మళ్లీ దగ్గరికి తీసుకోవడం, బిడ్డ తేరుకోవడం తప్పకుండా చూపించాలి. ఇంట్లో అమ్మ దిగులుతో ఉన్న విద్యార్థి మీ క్లాసులో ఉండొచ్చు.

ఎదుగుదల మెట్లు చెప్పేటప్పుడు ఒకే నెల చెప్పకండి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 లెక్కల్లో ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సుమారు 4 శాతం పిల్లలు దోగాడకుండానే నడిచేశారు. "ఏడాదికి నడవాలి" అని పట్టిక బట్టీ పెట్టిస్తే విద్యార్థులు ఇంటికెళ్లి అక్క కొడుక్కి పరీక్ష పెడతారు, ఇల్లంతా కంగారు. వచ్చిన మాటలు, నేర్చిన పనులు మళ్లీ పోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలని గట్టిగా చెప్పండి.

నిజం బిడ్డను క్లాసుకు తీసుకురాగలిగితే అంతకంటే మంచిది లేదు. నెలకోసారి, ఎప్పుడూ అదే బిడ్డ, 20 నిమిషాలకు మించకుండా. పాలు తాగి నిద్రలేచాక రమ్మనండి. నేల మీద చాప, చుట్టూ విద్యార్థులు, చేతులు కడుక్కుని. జలుబున్నవాళ్లు వెనక బెంచీకి కాదు, వేరే గదికి. ఫోన్లు బ్యాగుల్లోనే. బిడ్డ ముఖం తిప్పుకున్నా, ఆవలించినా, కళ్లు నులుముకున్నా అక్కడితో ఆపేయాలి. అలా ఆపడం కూడా పాఠమే.

ఇక బిడ్డను ఎత్తడం, పడుకోబెట్టడం నేర్పడానికి బొమ్మ పనికొస్తుంది. సుమారు 3 కిలోల బరువొచ్చేలా ఇసుక నింపిన మామూలు గుడ్డ బొమ్మ చాలు, తల కాస్త బరువుగా, మెడ వదులుగా ఉండాలి. చంకల కింద పట్టుకుని ఎత్తడం అందరూ చేసే తప్పు, తల వెనక్కి వాలిపోతుంది. ఒక చేయి మెడ, తల కింద, ఇంకోటి పిరుదుల కింద. పడుకోబెట్టేది వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ బొమ్మలూ లేకుండా. ఈ పనులు మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకే వరసలో చేయాలి, "మేం చూస్తాం సార్" అని ఎవర్నీ పక్కకు జరగనివ్వకండి.

ఏడుపుకి ఒక పీరియడ్ మొత్తం ఇవ్వండి. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకునే పిల్లలకు ఇది రేపే అవసరం పడొచ్చు. పుట్టిన బిడ్డ ఏడుపు వారం వారం పెరిగి, ఆరు నుంచి ఎనిమిది వారాల దగ్గర తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆకలి, తడి, వేడి, చలి, జ్వరం చూశాక కూడా ఏడుస్తుంటే, తమకు విసుగొస్తోందని తెలిసిన క్షణంలో చేయాల్సినది నోటితో చెప్పించండి: బిడ్డను సురక్షితమైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు అవతలకి వచ్చి, రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకుని, ఇంకో పెద్ద మనిషిని పిలవాలి. బిడ్డను గట్టిగా ఊపేయడం, కుదిపేయడం ఎందుకు ప్రాణాంతకమో కూడా దాచకుండా చెప్పండి. బరువైన తల, బలంలేని మెడ, లోపల మెదడు అటూఇటూ కొట్టుకుని రక్తనాళాలు తెగుతాయి.

కష్టం తెలియాలంటే లెక్క చేయించండి. నవజాత శిశువుకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు. పది సార్లు, ఒక్కోసారి అరగంట అనుకుంటే ఐదు గంటలు. ఆ ఐదు గంటల్నీ 24 గంటల పట్టీ మీద రాత్రితో సహా రంగు వేయమనండి. స్కూలు, నిద్ర ఎక్కడ పడతాయో వాళ్లే చూస్తారు.

"మమ్మల్నీ కొట్టి పెంచారు, బాగానే ఉన్నాం కదా" అనే మాట తప్పకుండా వస్తుంది. వాళ్ల అమ్మానాన్నల మీద తీర్పు చెప్పొద్దు. రెండేళ్ల బిడ్డకు ఆ దెబ్బ ఎందుకు పడిందో అర్థమవుతుందా, దాని బదులు ఏం చేయాలో తెలుస్తుందా అని అడిగి వదిలేయండి. మొదటి రోజే ఇంకో మాట చెప్పి ఉంచాలి: క్లాసులో చెప్పింది బయటికి పోదు, కానీ ఎవరికైనా ప్రమాదం ఉందని తెలిస్తే నేను పై వాళ్లకు చెప్పి తీరతాను. చిన్ననాటి ఫొటో తెమ్మనడం, వంశవృక్షం గీయమనడం మానేయండి. ఫొటో లేని పిల్లలుంటారు, అమ్మ ఎవరో తెలియని పిల్లలుంటారు.

పరీక్షకు ప్రశ్నపత్రం వద్దు. కొత్త వీడియో రెండు నిమిషాలు వేసి, మొదటి వారం ఇచ్చిన అదే మూడు గడుల కాగితం నింపించి, కింద ఒక ప్రశ్న ఇవ్వండి: ఇప్పుడు మీరు అక్కడుంటే ఏం చేస్తారు, ఎందుకు? "ఎందుకు"కి సగం మార్కులు.