పైలట్ టెస్టు పోయింది... ఇక ఎయిర్‌ఫోర్స్ లేనట్టేనా?

ప్రశ్న: బీఎస్సీ అయింది. ఎయిర్‌ఫోర్స్ అధికారుల ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాసి ఎంపిక బోర్డు దాకా వెళ్లాను కానీ పైలట్ ఎంపిక పరీక్షలో పోయింది. నాకు బ్రిటిష్ కమాండర్ కీత్ పార్క్ అంటే పిచ్చి. విమానం నడపని గ్రౌండ్ డ్యూటీలో చేరితే ఆ స్థాయికి వెళ్లొచ్చా?
- ఓ విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారే. ఫ్లయింగ్ బ్రాంచి ఇక మీకు లేదు. మన వైమానిక దళాధిపతులంతా ఇప్పటిదాకా ఆ బ్రాంచి వాళ్లే.

పార్క్ సంగతికొద్దాం. న్యూజిలాండ్‌లో పుట్టిన ఆయన మొదట స్టీమర్లలో పర్సర్. మొదటి ప్రపంచ యుద్ధమొచ్చాక ఫిరంగి దళంలో చేరారు. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర గుండు పేలి గుర్రం మీద నుంచి ఎగిరిపడితే, యుద్ధానికి పనికిరాడని రాసేశారు. అంటే గుర్రమెక్కలేడని! ఆ డిసెంబరులోనే విమాన దళంలో చేరారు. మీకూ అలా జరుగుతుందనుకోకండి, ఆ రోజులు వేరు.

మీరు చూడాల్సింది 1940, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలు బ్రిటన్ మీద పడ్డ ఏడాది. లండన్‌ను, ఆగ్నేయ ఇంగ్లండ్‌ను కాచే యుద్ధ విమానాల దళం 11 గ్రూప్‌ను ఆయన నడిపింది అక్స్‌బ్రిడ్జ్‌లో, నేలకు 60 అడుగుల కింద ఉన్న గది నుంచి. (తన హరికేన్ యుద్ధ విమానంలో స్థావరాలు చుట్టి వచ్చేవారు, అది వేరే సంగతి.) పెద్ద బల్ల మీద మ్యాప్. విమానాలు ఎక్కడున్నాయో ఫోన్లో కబురు రాగానే అమ్మాయిలు పొడవాటి కర్రలతో వాటి గుర్తులుగా పెట్టిన బిళ్లలు జరిపేవారు. గోడ గడియారంలో ఐదేసి నిమిషాలకు ఎరుపు, పసుపు, నీలం రంగులు. కబురొచ్చినప్పుడు ముల్లు ఏ రంగు మీదుంటే బిళ్ల మీద బాణం ఆ రంగుదే. సమాచారం తాజాదో పాతదో రంగే చెప్పేది. సెప్టెంబరు 15న ప్రధాని చర్చిల్ అక్కడే కూర్చుని, రిజర్వులో ఏమున్నాయని అడిగితే, ఏమీ లేవన్నారు పార్క్.

ఆ గదిలోని కంట్రోలర్ల పని ఇవాళ మన దగ్గరా ఉంది. ఫైటర్ కంట్రోలర్ అంటారు. రాడార్ తెర ముందు కూర్చుని, గాల్లో ఉన్న పైలట్‌కు శత్రువు ఎటున్నాడో చెప్పాలి. అడ్మినిస్ట్రేషన్ బ్రాంచి అధికారులకు ఈ పనిగానీ, విమానాల రాకపోకలు చూసే ఏటీసీ పనిగానీ ఇవ్వొచ్చు. ఏది వస్తుందో మీ చేతిలో ఉండదు. వయసు 20 నుంచి 26 లోపు, డిగ్రీలో 60 శాతం ఉంటే ఏఎఫ్‌క్యాట్‌తోనే మళ్లీ ప్రయత్నించొచ్చు. శిక్షణ హైదరాబాద్ పక్కన దుండిగల్ అకాడమీలో.

టెన్షన్ పడకుండా దరఖాస్తులో ఆ బ్రాంచిని ముందు పెట్టండి. ఇంటర్వ్యూలో మాత్రం ‘పైలట్ రాలేదు కాబట్టి ఇటొచ్చాను’ అనకండి. ఆ గడియారం గురించి చెప్పండి.