పేరు చివర "ఇక్" ఉంటే అది బలమైన ఆమ్లమేనా?

కాదండీ. నైట్రిక్, సల్ఫ్యూరిక్ బలమైనవి కదా, ఫాస్ఫారిక్, కార్బోనిక్ ఎందుకు కావని అడిగారు. "ఇక్" అన్నది ఆమ్లం ఏ అయాన్‌కు (విద్యుదావేశం ఉన్న కణానికి) చెందిందో మాత్రమే చెబుతుంది. నీటిలో అది ఎంతవరకు విడిపోతుందో, అంటే దాని బలమెంతో, చెప్పదు.

పేరు పెట్టేటప్పుడు హైడ్రోజన్ తీసేశాక మిగిలే అయాన్‌ని చూడండి. క్లోరైడ్‌లా "ఐడ్" వస్తే ముందు హైడ్రో, చివర ఇక్: హైడ్రోక్లోరిక్. నైట్రేట్ అయితే నైట్రిక్, నైట్రైట్ అయితే నైట్రస్. ఆక్సిజన్ ఉన్న ఆమ్లానికి హైడ్రో తగిలించకండి. చాలామంది తడబడేది ఇక్కడే. క్లోరిన్‌కి ఆక్సిజన్లు ఒకటి నుంచి నాలుగు వరకు పెరిగే కొద్దీ హైపోక్లోరస్, క్లోరస్, క్లోరిక్, పర్‌క్లోరిక్. బలం కూడా ఇదే వరుసలో పెరుగుతుంది.

ఇక బలం. ఆక్సిజన్ల సంఖ్యలోంచి, ఆక్సిజన్‌కు అంటుకున్న హైడ్రోజన్ల సంఖ్య తీసేయండి. 2 లేదా అంతకన్నా ఎక్కువ మిగిలితే బలమైన ఆమ్లం. నైట్రిక్‌కి (HNO₃) 3−1=2, సల్ఫ్యూరిక్‌కి (H₂SO₄) 4−2=2. ఫాస్ఫారిక్‌కి (H₃PO₄) 4−3=1, కార్బోనిక్‌కి (H₂CO₃) 3−2=1, బోరిక్‌కి (H₃BO₃) సున్నా. హైడ్రోజన్ లేని ఆక్సిజన్లు ఎలక్ట్రాన్లను తమవైపు లాగుతాయి, ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) వెళ్లిపోయాక మిగిలిన రుణావేశాన్ని పంచుకుంటాయి. అందుకే అవి ఎన్ని ఉంటే ప్రోటాన్ అంత తేలిగ్గా ఊడుతుంది. ఫాస్ఫరస్ ఆమ్లం (H₃PO₃) దగ్గర జాగ్రత్త: మూడు హైడ్రోజన్లలో ఒకటి నేరుగా ఫాస్ఫరస్‌కే అంటుకుని ఉంటుంది. కాబట్టి 3−3 కాదు, 3−2.

ఆక్సిజన్ లేని వాటికి ఈ లెక్క పనికిరాదు. హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రయోడిక్ మూడూ బలమైనవి. హైడ్రోఫ్లోరిక్ మాత్రం బలహీనం, హైడ్రోజన్–ఫ్లోరిన్ బంధం చాలా గట్టిది మరి. బలహీనం అన్నారని దాన్ని ముట్టుకోకండి! చర్మంలోంచి లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది, ప్రాణాంతకం.

గాఢతనీ బలాన్నీ కలపకండి. 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) హైడ్రోక్లోరిక్ పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, తక్కువైతే ఆమ్లత్వం ఎక్కువ) 1, అంతే గాఢత ఉన్న అసిటిక్ పీహెచ్ దాదాపు 2.9. అయినా ఒక్కోటి 10 మి.లీ. తీసుకుంటే, తటస్థం కావడానికి రెండింటికీ 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 10 మి.లీ.యే పడుతుంది. ఉన్న ప్రోటాన్లు ఖర్చయ్యే కొద్దీ, విడిపోకుండా మిగిలిన అసిటిక్ అణువులు విడిపోతూ ఉంటాయి. అందుకే టైట్రేషన్‌లో (క్షారం కొద్దికొద్దిగా పోసి ఆమ్లాన్ని తటస్థం చేసే పరీక్షలో) ఎంత క్షారం పట్టిందో చూసి బలం తేల్చలేం. ఒకే గాఢత దగ్గర పీహెచ్ పోల్చాలి.