సెకండ్ హ్యాండ్ జూమ్ లెన్స్ కొనే ముందు మీ పాత ఫొటోలు ఒకసారి చూడండి

మీ దగ్గర నికాన్ డీ5300 కెమెరా ఉంది, దాంతో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్ చాలడం లేదు, పన్నెండు వేల లోపు సెకండ్ హ్యాండ్‌లో రోజూ వాడుకునే జూమ్ కావాలి, 18-200 తీసుకోవచ్చా అని అడిగారు. నాదీ అదే బాడీ అండి. ఉండేది విశాఖలో. ఇప్పటిదాకా సెకండ్ హ్యాండ్ లెన్సులు నాలుగు కొన్నాను. మొదటిది మీరు అడుగుతున్న 18-200నే, దాంట్లోనే దెబ్బతిన్నాను.

డబ్బు తీసే ముందు ఒక పని చేయండి. గత ఏడాది తీసినవాటిలో మీకు నచ్చిన ఫొటోలు ఒక వంద పక్కన పెట్టుకోండి. ఒక్కో ఫొటో ప్రాపర్టీస్‌లో అది ఎన్ని ఎంఎం దగ్గర తీశారో ఉంటుంది (అంకె చిన్నదైతే ఎక్కువ మేర ఫొటోలో పడుతుంది, పెద్దదైతే దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది). కాగితం మీద రాసుకుంటూ పోండి. నేను ఈ లెక్క వేసినప్పుడు సగానికి పైగా 18 నుంచి 35 మధ్యే తేలాయి. ఇల్లు, పిల్లలు, పూర్ణా మార్కెట్ సందులు. ఇంకా దగ్గరికి రావాలనుకుని 55 దగ్గర ఆగిపోయినవి ఇరవై కూడా లేవు, వాటికీ 100 దాకా ఉంటే సరిపోయేది. ఈ లెక్క ముందే వేసి ఉంటే 200 కోసం ఎగబడేవాణ్ణి కాదు.

మీ ఫొటోలు ఎక్కువగా 55 దగ్గరే ఆగి ఉంటే 18-105 వీఆర్ గానీ 18-140 వీఆర్ గానీ చూడండి (వీఆర్ అంటే చేతి వణుకును సర్దే ఏర్పాటు). 18-105 అనేది 2008లో నికాన్ డీ90 కెమెరాతో పాటు వచ్చిన లెన్స్. చాలామంది కిట్‌గా కొని తర్వాత అమ్మేశారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. మౌంట్, అంటే కెమెరాకు తగిలించే వెనక భాగం, ప్లాస్టిక్, అందుకే ఆ అంచులు అరిగాయేమో చూసుకోవాలి. 2013లో వచ్చిన 18-140కి మౌంట్ మెటల్. రెండింటికీ ఫిల్టర్ సైజు 67 ఎంఎం. నేను ఇప్పుడు రోజూ వాడేది 18-105, ఏడున్నర వేలకు తీసుకున్నాను. ఒకవేళ ఫొటోలన్నీ 18 దగ్గరే ఉంటే 16-85 వీఆర్ మంచిది. రెండు ఎంఎం తేడా ఎంతలే అనిపిస్తుంది గానీ, చిన్న గదిలో నలుగుర్ని నిలబెట్టి తీసినప్పుడు అది బాగా తెలుస్తుంది.

ఇంట్లో రాత్రిపూట పిల్లల్ని తీస్తే బ్లర్ వస్తోందన్నదే మీ బాధ అయితే మాత్రం పైవేవీ దాన్ని తీర్చవు. వీఆర్ మన చేతి వణుకును సర్దుతుంది గానీ పరుగెత్తే పిల్లాణ్ణి ఆపలేదు. అక్కడ కావాల్సింది వెలుతురు. లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుంటుందో ఎఫ్ అంకె చెబుతుంది, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కి వస్తే నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) 6400లో తీయాల్సింది 1600లో తీయొచ్చు. మీ బడ్జెట్‌కు ట్యామ్రాన్ 17-50 ఎఫ్/2.8 కోసం వెతకండి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. డీ5300 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. ఆ ట్యామ్రాన్‌లో నికాన్ కోసం చేసిన మొదటి రకానికీ మోటార్ లేదు, తర్వాతి వాటికి ఉంది. లెన్స్ తిప్పి మౌంట్ అంచు చూడండి. స్క్రూ తలలాంటి చిన్న గాడి కనిపిస్తే అది బాడీలో మోటార్ ఉంటేనే పనిచేసే రకం. మీ కెమెరాలో ఆటో ఫోకస్ పనిచేయదు, ప్రతి ఫొటోకీ రింగ్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

ఇప్పుడు నేను దెబ్బతిన్న సంగతి. హైదరాబాద్‌లో ఒక షాపులో ఆ 18-200 చూశాను. ట్యూబ్ లైట్ వెలుగులో గాజు మెరిసిపోతోంది, ఒక్క గీత లేదు. బిల్లు అడగలేదు, డబ్బిచ్చి తెచ్చేసుకున్నాను. వారం తర్వాత సూర్యోదయానికి ఆర్కే బీచ్‌లో తీస్తే ఫొటోలన్నీ పొగ పట్టినట్టు తెల్లగా వచ్చాయి. ఇంటికొచ్చి ఫోన్ టార్చ్ వేసి చూస్తే లోపలి గాజు అంచు నుంచి సాలెగూడు పోగుల్లాంటి సన్నని దారాలు మధ్య దాకా పాకి ఉన్నాయి. ఫంగస్. సర్వీస్ చేసే ఆయన విప్పి తుడవడానికి 2,500 అడిగి, గాజు మీది కోటింగ్‌ను ఫంగస్ తినేసింది కాబట్టి మచ్చ పూర్తిగా పోదని కూడా చెప్పాడు. షాపువాళ్లు బిల్లు లేదు కదా అని వెనక్కి తీసుకోలేదు. చాలా బాధేసింది.

అప్పటినుంచి ఏ లెన్స్ చూడాలన్నా ముందు ఫోన్ టార్చే తీస్తాను. నికాన్ జీ రకం లెన్స్ (పేరులో ఎఫ్ అంకె పక్కన G అని ఉండేది) కెమెరాకు పెట్టనప్పుడు రంధ్రాన్ని తెరిచి మూసే లోపలి బ్లేడ్లు మూసుకునే ఉంటాయి, కాబట్టి ఊరికే చూస్తే గాజు మధ్యలో చిన్న రంధ్రం మేరకే కనిపిస్తుంది. వెనక మౌంట్ లోపల చిన్న మెటల్ లివర్ ఉంటుంది. దాన్ని వేలితో మెల్లగా పక్కకు నెట్టి పట్టుకుంటే బ్లేడ్లు పూర్తిగా తెరుచుకుంటాయి. అప్పుడు వెనక నుంచి టార్చ్ కాస్త ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి, తర్వాత అటూ ఇటూ మార్చి చూడండి. నేరుగా వేస్తే వెలుగు కళ్లలో పడటమే తప్ప ఏమీ కనిపించదు. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే పర్వాలేదు, ప్రతి పాత లెన్స్‌లోనూ ఉంటాయి. పోగులు, పొగమంచులాంటి పొర కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. లివర్ వదలగానే బ్లేడ్లు టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా కదిలాయంటే నూనె పట్టినట్టు.

తర్వాత మీ కెమెరాకే తగిలించి చూడండి. న్యూస్ పేపర్ ఒకటి గోడకు అంటించి, ఎదురుగా నిలబడి 18 దగ్గర ఎఫ్/5.6లో తీసి, నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే ఆ లెన్స్ తీరే అంత. మూడు బాగుండి ఒక్క మూలలో మాత్రం అక్షరాలు అలికినట్టు ఉంటే ఎక్కడో కిందపడి లోపలి గాజు పక్కకు జరిగిందేమోనని అనుమానించాల్సిందే. అమ్మేవాళ్లు తొందరపెడితే నేను ఆగిపోతాను. పది నిమిషాలు చూసుకోనివ్వని చోట కొనడం నాకిష్టం లేదు.

జూమ్ రింగ్ రబ్బరు వదులైతే పర్వాలేదు, దాంతో బేరం ఆడొచ్చు. 18-200 కిందికి వంచితే దానంతటదే సాగిపోతుంది. 2009లో వచ్చిన రెండో రకానికి లాక్ పెట్టారు, మొదటి దానికి లేదు. దూరానికి ఏదైనా కావాలనుకుంటే విడిగా నికాన్ ఏఎఫ్-పీ 70-300 లెన్స్ చూడండి. అది పనిచేయాలంటే డీ5300లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఉండాలి, అందుకే షాపుకు వెళ్లే ముందే చేసుకోండి.

కొన్న లెన్స్‌ను తేమ, ఫంగస్ నుంచి కాపాడుకోవడానికి బడ్జెట్‌లో ఒక వెయ్యి లెన్స్‌కు ఖర్చు పెట్టకుండా మిగుల్చుకోండి. మా ఇంట్లో గాలి చొరబడని మూతున్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్ ఉన్నాయి. ముల్లు 40, 50 శాతం మధ్య ఉంచుతాను. అది 60 దాటితే ఆ రోజే జెల్ మారుస్తాను.