ధన్‌బాద్‌కు వెళ్తున్న మనవరాలికి

చిట్టితల్లీ,

ధన్‌బాద్‌లో బొగ్గు గనుల మందుగుండు పరీక్షించే పనిలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. మీ నానమ్మ అన్నం కంచం ముందు నుంచి లేచిపోయింది. నేను మాత్రం వీధిలో ఎదురైనవాళ్లందరికీ చెప్పాను. రాత్రి నాకూ నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

నూలు బట్టలే వేసుకో. ఫోను బయట పెట్టు. పేల్చేటప్పుడు ఎవరు తొందరపెట్టినా చాటు వదిలి రాకు. గనుల్లో వాడే మందులోని పీ1, పీ3, పీ5 రకాల తేడాలు నాకంటే నీకే బాగా తెలుసు.

గ్యాలరీ పరీక్ష అందరూ చూడాలనుకునేది. ఉక్కు గొట్టంలో మీథేన్ కలిసిన గాలి నింపి, అందులోకి మందు పేల్చి, గ్యాసు అంటుకుంటుందా లేదా అని చూస్తారు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చాలు, నిప్పు తగిలితే పేలిపోతుంది. మంట వేడి తగ్గాలనే మందులో ఉప్పు కలుపుతారు. ఉప్పు పెరిగితే బలం తగ్గుతుంది. అమ్మేవాడి కన్ను ఎప్పుడూ బలం మీదే ఉంటుంది. నీ కన్ను మంట మీద ఉండాలి. ధన్‌బాద్‌కు ఎంతో దూరం లేని ధోరీ గనిలో 1965లో పేలుడు జరిగి 268 మంది పోయారు. ఆ సంగతి మనసులో పెట్టుకో.

నా భయం మాత్రం ఇంకో పరీక్ష గురించి. రెండు కార్ట్రిడ్జ్‌లను, అంటే కాగితంలో చుట్టిన మందు చుట్టలను, వరసగా, మధ్యలో కాస్త ఎడం వదిలి పెట్టి, ఒకటి పేలిస్తే రెండోది అందుకుంటుందా అని చూస్తారే, అది. చూడటానికి చప్పగా ఉంటుంది కాబట్టి కుర్రాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు.

మా బొగ్గు గనిలో మందు పేల్చే షాట్‌ఫైరర్ ఒకడు ఉండేవాడు. పనిమంతుడే, కానీ షిఫ్టు చివర ఇంటి మీద ధ్యాస. ఒకరోజు డ్రిల్లు వేసిన రంధ్రంలోని బొగ్గుపొడిని స్క్రేపరుతో లాగకుండానే మందు దూర్చాడు. కార్ట్రిడ్జ్‌ల మధ్య పొడి ఇరుక్కుంది. మందును అంటించే డిటోనేటరు ఉన్న ముందువి పేలాయి, లోపలివి అలాగే ఉండిపోయాయి. చప్పుడు బాగానే వచ్చింది కదా అని పైకి వెళ్లిపోయాడు. తర్వాతి షిఫ్టులో బొగ్గు బండి నింపుతున్న లోడరు ఒక కాగితం చుట్ట పట్టుకొచ్చాడు. ఒక చివర నలిగింది, తడికి మెత్తబడింది. "ఇది మీదేనా అన్నా?" అని నవ్వుతూ చాచాడు. డ్రిల్లు మొన దానికి తగిలి ఉంటే ఆ చెయ్యి ఉండేది కాదు. ఆ షాట్‌ఫైరర్‌ను అందరం తిట్టాం. కానీ రంధ్రాలు ఎప్పుడూ శుభ్రంగా ఉండవు తల్లీ, మనుషులు ఎప్పుడూ ఓపికగా ఉండరు. ఆ ఎడాన్ని దాటే మందే కావాలి.

అందుకే కంపెనీ నుంచి తాజాగా వచ్చిన వాటితో సరిపెట్టకు. మందు దాచే మేగజీనులో నెలల తరబడి పడి ఉన్నవీ, చెమ్మ తగిలినవీ తెప్పించుకుని పేల్చి చూడు. దాటకపోతే దాటలేదనే రాయి. పెద్ద అధికారి "మరోసారి చూద్దాం" అంటే చూడు, కానీ మొదటిసారి వచ్చిన ఫలితాన్ని కొట్టేయకు. సంతకం నీది.

అక్కడ చలి ఎక్కువ, స్వెటరు పెట్టుకో. ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాం, సీసా నిలువుగా ఉంచుకో.

మీ తాతయ్య