సూరయ్య మెడ వెనక కాయ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా. రైస్ మిల్లు హమాలీ మీద కథ రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. కానీ సూరయ్య వచ్చే చోట ఆగిపోయా. "ఆరడుగుల ఎత్తు, కండలు తిరిగిన దేహం, విశాలమైన ఛాతీ, ఉక్కులాంటి చేతులు" అని రాశావు చూడు, అది సూరయ్య కాదురా, జిమ్ బయట కట్టిన ఫ్లెక్సీ మీద బొమ్మ.

బలం ఒళ్ళంతా ఒకేలా ఉండదు, చేసే పనిని బట్టి ఉంటుంది. హమాలీకి సిక్స్ ప్యాక్ ఉండదు, కొంచెం పొట్ట కూడా ఉండొచ్చు. మా గోదావరి వైపు ధాన్యం బస్తా అంటే 75 కేజీలు, ఏళ్ళ తరబడి అది మోసినవాడికి మెడ వెనక చర్మం కాయ కాసి గట్టిపడిపోతుంది, తువ్వాలు మడత వెళ్ళి సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. లారీకి ఆనించిన చెక్క మీద ఎక్కుతుంటే కాలివేళ్ళు విచ్చుకుని చెక్కని పట్టుకుంటాయి, చెక్క కిందకి వంగుతుంది, అతను దిగిపోయాక మళ్ళీ పైకి లేస్తుంది. ఆ చెక్క వంగడం రాయి చాలు, సూరయ్య ఎన్ని అడుగుల ఎత్తో ఎవడూ అడగడు.

గీత కార్మికుడి ఒళ్ళు వేరు. సన్నగానే ఉంటాడు, కానీ తాటిచెట్టుని కావలించుకుని ఎక్కీ దిగీ ముంజేతుల మీద, పాదాల పక్కన చర్మం బెరడులా అయిపోతుంది. కుస్తీ పట్టిన పాత పహిల్వాన్ని చూస్తే ముందు చెవులు చూడు, పట్టుల్లో నలిగి నలిగి ముడుచుకుపోయి ఉంటాయి.

వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి వినే ఉంటావు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నాడనే అందరూ చెప్తారు, నాకు మాత్రం ఆయన ఒంటికి ఇనప గొలుసు చుట్టించుకుని ఊపిరి పూరించి తెంచడమే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అక్కడ రాయాల్సింది కండ కాదు, ఊపిరి. గొలుసు చర్మంలోకి దిగుతుంటే చూసే జనం కూడా తెలీకుండానే ఊపిరి బిగబడతారే, అది రాస్తే చదివేవాడి ఛాతీ కూడా బిగుస్తుంది.

ఇంకో మాట, ఇది కాస్త కోపంగానే చెప్తున్నా. "ఆంబోతులా ఉన్నాడు", "దున్నపోతులా నడిచాడు" అని నాలుగు చోట్ల రాశావు. మిల్లు ఓనర్ అంటే అననీ, అది వాడి బుద్ధి. కథ చెప్పే నువ్వు అనకూడదు, పొట్టకూటికి బస్తాలు మోసే మనిషిని పశువుని చేసే హక్కు మనకి లేదు. ఊళ్ళో వాళ్ళ నోట "ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి", "దుక్కలా ఉన్నాడు" లాంటి మాటలు పెట్టు, వాటిల్లో మెచ్చుకోలు ఉంది. ఆజానుబాహుడు అంటావా, అది పద్యాల్లో రాముడికి బావుంటుంది, మిల్లులో కుదరదు.

లోడింగ్ టైంకి ఏదైనా మిల్లుకెళ్ళి ఒక పూట కూర్చో, ఫోన్ తియ్యకు, వాళ్ళతో టీ తాగు, తర్వాత మొదటి రెండు పేజీలు మళ్ళీ రాసి పంపు. కూతురి ఫీజు కట్టడానికి స్కూలుకెళ్ళిన సూరయ్య, ప్లాస్టిక్ కుర్చీ విరుగుతుందేమోనని అంచు మీద సగమే కూర్చుంటాడు కదా, ఆ సీను మాత్రం ఒక్క అక్షరం కూడా ముట్టుకోకు.

ప్రేమతో,
అన్న