హెలికాప్టర్ రాడార్ ముందు కవర్ పెడితే చూపు తగ్గుతుందా?

చిన్న హెలికాప్టర్‌కి అడ్డంకులు పసిగట్టే 77 గిగాహెర్ట్జ్ రాడార్ బిగిస్తున్నాం, దుమ్మూ వానా తగలకుండా ముందు పాలికార్బనేట్ కవర్ పెట్టొచ్చా, షీటు ఎంత పల్చగా ఉంటే అంత మంచిదే కదా అని అడిగారు.

పెట్టొచ్చు. కానీ పల్చనైతే చాలనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ తరంగం పొడవు గాలిలో 3.9 మిల్లీమీటర్లు, పాలికార్బనేట్‌లో సుమారు 2.3. షీటు మందం అందులో సగం, అంటే 1.16 దగ్గర ఉంటే ముందు వైపు, వెనక వైపు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 2.3 ఉన్నా అంతే. మధ్యలో 1.75 పెట్టారో, కవర్ సిగ్నల్‌లో కొంత భాగాన్ని అద్దంలా మీ రిసీవర్ మీదికే తిప్పికొడుతుంది. అంటే 1.75 పల్చటి షీటు కంటే 2.3 మందపు షీటే నయం!

నేను రాజమండ్రిలో సముద్రం మీదికెళ్ళే హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లో పనిచేశాను. అక్కడ ముక్కులో ఉండేది వాతావరణ రాడార్, తరంగం 32 మిల్లీమీటర్లు, కాబట్టి మీ దాని కంటే చాలా ఓపికైనది. అయినా ఒక వానాకాలం ఏడిపించింది. ఎడమ వైపు మబ్బులు వెలవెలబోయినట్టు కనిపిస్తున్నాయని పైలట్లు రాశారు. యాంటెన్నా మార్చాం, వైరింగ్ చూశాం, రెండు రోజులు టెన్షన్. చివరికి మా సీనియర్ గారు జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి రాడోమ్ (రాడార్ మీది కవర్) మీద తట్టుకుంటూ పోయారు. టక్ టక్ టక్ అంటున్నది ఎడమ కింద మూల ధబ్ అంది. బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు, లోపల తేనెపట్టు గదుల్లో నీళ్ళు. పైన ఎవరో నీటుగా పెయింట్ కూడా వేసి కప్పేశారు.

మీ రాడార్‌కి నీళ్ళే అసలు శత్రువు. తడి లేని మంచు కంటే పల్చటి నీటి పొర ఎన్నో రెట్లు ఎక్కువ మింగుతుంది. కవర్ ఒక్కో దిశలో 3 డెసిబెల్స్, అంటే సగం సిగ్నల్, తింటే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి 6. తిరిగొచ్చే సిగ్నల్ దూరం నాలుగో ఘాతంతో తగ్గుతుంది కాబట్టి 300 మీటర్లలో కనపడాల్సిన స్తంభం 212 దగ్గర కనపడుతుంది. 80 నాట్ల (గంటకి సుమారు 148 కిలోమీటర్ల) వేగంలో ఆ తేడా రెండు సెకన్లు. కొండకీ భవనానికీ ఫర్వాలేదు. కరెంటు తీగలతోనే భయం. తీగ రాడార్ చూపుకి సరిగ్గా అడ్డంగా, లంబకోణంలో ఉంటేనే బాగా మెరుస్తుంది, ఏటవాలుగా ఉంటే అసలే అరకొర సిగ్నల్.

కార్బన్ ఫైబర్ జోలికి పోవద్దు, రాడార్‌కి అది గోడే. మెటాలిక్ పెయింట్ కూడా వద్దు. కంపెనీ లోగో స్టిక్కర్ అంటించే ఉత్సాహవంతులు ప్రతి హ్యాంగర్‌లోనూ ఉంటారు, వాళ్ళని ముందే ఆపండి. కవర్‌ని కాస్త వాలుగా బిగిస్తే ప్రతిబింబం పక్కకి పోతుంది, నీళ్ళూ జారతాయి.

ఒకే స్తంభం మీద కవర్ లేకుండా, పొడి కవర్‌తో, పైపుతో తడిపి, మూడు రీడింగులు తీసుకోండి. మేం పాత రాడోమ్‌ని పారెయ్యలేదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళ చేతికి రూపాయి బిళ్ళ ఇచ్చి, ఎక్కడ మోగట్లేదో కనిపెట్టమనేవాళ్ళం.