స్కాట్లాండ్ కొండదారుల్లో సొంతంగా కారు: పాఠకుల ప్రశ్నలు

జూన్‌లో అమ్మానాన్నలతో కలిసి నలుగురం ఎడిన్‌బరో వెళ్తున్నాం. 9 రోజుల్లో ‘నార్త్ కోస్ట్ 500’ చుట్టి రావచ్చా? – పాఠకురాలు, కాకినాడ

రావచ్చు గానీ, వద్దనే చెబుతాం. ఆ దారి ఇన్వర్‌నెస్‌లో మొదలై మళ్లీ అక్కడికే చేరే 516 మైళ్ల చుట్టు, అంటే దాదాపు 830 కిలోమీటర్లు. ఎడిన్‌బరో నుంచి ఇన్వర్‌నెస్‌కు రానూపోనూ మరో 300 మైళ్లకు పైనే. పెద్దవాళ్లకు ఊరు చూసిన తృప్తి కన్నా నడుంనొప్పే మిగులుతుంది.

ఎడిన్‌బరోలో మొదటి రెండు రాత్రులు కారు లేకుండా గడపండి. అక్కడ పార్కింగ్ ఖరీదు, తిరగడానికి బస్సులూ ట్రామూ చాలు. మూడో రోజు ఉదయం కారు తీసుకుని స్టర్లింగ్, గ్లెన్‌కో మీదుగా ఫోర్ట్ విలియం చేరి రెండు రాత్రులు ఉండండి. తర్వాత గ్లెన్‌ఫినన్ రైలు వంతెన చూసుకుని మాలైగ్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే స్కై దీవిలోని ఆర్మడేల్‌లో దిగుతారు. స్కైలో మూడు రాత్రులకు తగ్గించకండి. తిరుగు ప్రయాణంలో స్కై వంతెన (2004 నుంచి టోల్ లేదు), ఐలన్ డోనన్ కోట, లోక్ నెస్ ఒడ్డు చూసుకుంటూ ఇన్వర్‌నెస్‌లో ఒక రాత్రి ఆగితే సరిపోతుంది. ఫెర్రీలో కారుకు చోటు ముందే బుక్ చేయాలి. గాలి ఎక్కువై ఫెర్రీ రద్దయితే వెనక్కి వచ్చి, ఇన్వర్‌గారీ మీదుగా వంతెన దారి పట్టాలి. దానికి మూడు గంటలకు పైనే పడుతుంది కాబట్టి ఆ రోజు ఇంకే కార్యక్రమమూ పెట్టుకోకండి.

ఒక్క బండి మాత్రమే పట్టే రోడ్లుంటాయట. ఎదురుగా ఇంకో కారు వస్తే? – పాఠకుడు, ఖమ్మం

కాస్త కాస్త దూరానికి ‘పాసింగ్ ప్లేస్’ బోర్డుతో రోడ్డు వెడల్పు చేసి ఉంటుంది. అది మీ ఎడమవైపు ఉంటే అందులోకి దిగి ఆగండి. కుడివైపు ఉంటే మాత్రం అందులోకి వెళ్లకండి. దానికి ఎదురుగా, మీ వైపే ఆగితే వచ్చే బండి అందులోకి తిరిగి మిమ్మల్ని దాటిపోతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: ఖాళీ కనిపించింది కదా అని కుడివైపుకు తిప్పేసరికి ఎదుటివాడికి ముఖాముఖి అవుతారు. ఎత్తు ఎక్కి వచ్చే బండికి దారివ్వాలి. అవసరమైతే రివర్స్ చేయాలి.

చోటు దాటిపోయిందని గడ్డిలోకి దించకండి. పైకి గట్టిగా కనిపించినా చాలాచోట్ల కింద మెత్తని పీట్ నేల (కుళ్లిన నాచు, గడ్డి పేరుకున్న తడి నేల), చక్రం దిగబడిపోతుంది. తారు అంచు విరిగినచోట టైరు పక్కగోడ కోసుకుంటుంది. చాలా అద్దె కార్లలో స్టెప్నీ ఉండదు, రిపేర్ కిట్టే ఇస్తారు. పక్కగోడ చిరిగితే అది పనికిరాదు. మామూలు ఇన్సూరెన్స్‌లో టైర్లు, అద్దాలు చాలావరకు చేరవు కాబట్టి వాటికి విడిగా కవర్ తీసుకోవడం మంచిది.

వెనక స్థానికులు వస్తుంటే పాసింగ్ ప్లేస్ దగ్గరే ఆగి వాళ్లను ముందుకు పంపేయండి, వాళ్లు పనికి వెళ్తుంటారు. ఫొటోల కోసం అక్కడ కారు నిలపడం మాత్రం తప్పు.

మన లైసెన్సు చెల్లుతుందా? – పాఠకుడు, వరంగల్

సందర్శకులు 12 నెలల దాకా మన లైసెన్సుతోనే కారు నడపవచ్చు. కొన్ని అద్దె సంస్థలు అంతర్జాతీయ పర్మిట్ కూడా అడుగుతాయి, బుకింగ్ షరతులు చూసుకోండి. డిపాజిట్‌కు సాధారణంగా నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, బ్రిటన్ వీసా కావాలి.

మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, కానీ బోర్డుల మీద వేగం మైళ్లలో ఉంటుంది. 60 అంటే దాదాపు 97 కిలోమీటర్లు. రౌండబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చే బండి పోయేదాకా ఆగాల్సిందే. బంకులో ఆకుపచ్చ గొట్టం పెట్రోలు, నల్లది డీజిల్.

విస్కీ డిస్టిలరీ చూశాక కారు నడపొచ్చా? – పాఠకుడు, విజయవాడ

తాగి నడపకండి. స్కాట్లాండ్‌లో పరిమితి 100 మి.లీ. రక్తానికి 50 మి.గ్రా. ఆల్కహాల్, ఇంగ్లండ్‌లోని 80 కన్నా తక్కువ. చాలా డిస్టిలరీలు డ్రైవరు వంతు చిన్న సీసాలో పోసి ఇస్తాయి, గదికి వెళ్లాక రుచి చూడవచ్చు. భోజనం సంగతి ముందే చూసుకోండి: పల్లెల్లో చాలాచోట్ల ఎనిమిది, ఎనిమిదిన్నరకే వంటగది మూసేస్తారు. జూన్‌లో పది దాకా వెలుతురుంటుంది కాబట్టి పొద్దు తెలియక ఆలస్యం చేసి పస్తులుండేవాళ్లు ఎక్కువ.